నిలువెత్తు వ్యాను కోసం పాలమూరు దాకా

మా ఆయన లింగయ్య కరెంటు లైన్‌మన్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నల్లగొండ చుట్టుపక్కల పల్లెలన్నీ మోటార్‌సైకిల్ మీదే తిరిగారు. నేను పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర పనిచేశాను. ఆదివారం వచ్చిందంటే నన్ను వెనక కూర్చోబెట్టుకొని ఏదో ఒక దారి పట్టేవారు. ఎక్కడికని అడిగితే, పెట్రోలు ఎంతుంటే అంత దూరం అనేవారు. రిటైర్మెంటుకు కొంచెం ముందు స్తంభం మీంచి పడ్డారు. నడుముకు ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. ప్రాణం దక్కింది, నడక వచ్చింది. కానీ బండి అరగంటకు మించి నడపొద్దని, వంగే పనులు అసలే వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

ఆ తర్వాత బండి పానగల్ రోడ్డులోని మా ఇంటి వరండాలోనే ఉండిపోయింది. పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు ఆ చప్పుడు విని, ఆపేసేవారు. వీధి చివర పాల దుకాణం దాకా వెళ్ళి వస్తే ఆ రోజుకు అదే యాత్ర.

వ్యాను ఆలోచన ఆయనదే. ఎవరో వ్యానులోనే మంచం, పొయ్యి పెట్టుకొని దేశం తిరుగుతున్న వీడియో ఒకటి ఫోన్లో చూశారు. మనమూ అలాంటిదొకటి చేసుకుందాం, అందులో బండిని కూడా ఎక్కిద్దాం అన్నారు. దూరమంతా వ్యానులో పోవాలి. మంచి దారి వచ్చిన చోట బండి దించుకొని ఓ అరగంట తిరిగి రావాలి. వ్యాను నేను నడపాలి, బండి ఆయన నడపాలి. యాభై దాటాక డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి స్టీరింగ్ పట్టుకున్నాను. ఆ బడిలో అందరికంటే పెద్దదాన్ని నేనే.

కొత్త వ్యాను మా తాహతుకు మించింది. పాతది కొనాలి. మూడు సంగతులు కుదరాలి. బండి నిలువుగా లోపల పట్టాలి. దాని పక్కన మంచం పట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల మా ఆయన వంగకుండా నిలబడగలగాలి. ఆయన మంచి పొడగరి. మామిడిపళ్ళ కాలంలో ఒక చేతిసంచి, ఒక కొలత టేపు పట్టుకొని బస్సెక్కాం. తిరిగివచ్చి చాలా నెలలైంది. ఇప్పుడు రాయడానికి కూర్చుంటే, ఆ ప్రయాణంలో తిన్నవీ చూసినవీ ఒక వైపు, జారిపోయింది ఒక వైపు కనిపిస్తున్నాయి.

నార్కట్‌పల్లి

హైవే పక్కన పాత బండ్లు అమ్మే జాగా ఉందని ఎవరో చెబితే మొదట అక్కడికి వెళ్ళాం. పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకు ఉచితం, నాకు జీరో టికెట్, ఆయనకు డబ్బు టికెట్. ఈ ప్రయాణంలో నీ కిరాయి మిగిలింది కాబట్టి నీ మిర్చీ బజ్జీలు నా ఖాతా అని బస్సులోనే ఒప్పందం చేసుకున్నారు.

ఆ జాగా యజమాని మాకు స్కూలు వ్యాను ఒకటి చూపించాడు. సీట్లన్నీ పీకేశారు. అద్దాల మీద పిల్లలు అంటించిన బొమ్మల కాగితాలు ఇంకా సగం సగం ఉన్నాయి. పలక వేసి తన సొంత మోటార్‌సైకిల్‌నే లోపలికి ఎక్కించి చూపాడు. మోటార్‌సైకిల్ పట్టింది, దాని అద్దాలు మాత్రం తలుపు అంచులకు తగిలాయి. మా ఆయన లోపలికి ఎక్కి మెడ వంచి నిలబడ్డారు. లోపల పడుకుంటారు గానీ నిలబడే పనేముంది సారూ అని యజమాని అడిగాడు. మా ఆయన తన నడుం సంగతి చెప్పలేదు. "పొద్దుగాల లేచి అంగీ తొడుక్కోవాలె గద," అని దిగొచ్చారు.

హైవే మీద బజ్జీలు నల్లగొండలో కంటే పెద్దవి, ధర కూడా పెద్దదే. పచ్చిమిరపకాయ మధ్యలో వాము, చింతపండు కూరి పెట్టారు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళు తుడుచుకుంటూనే, దేవరకొండలో టెంట్‌హౌస్ ఆయన వ్యాను అమ్ముతున్నాడన్న కబురు బజ్జీల బండి దగ్గరే విన్నాం.

దేవరకొండ

టెంట్‌హౌస్ యజమాని ఖాజా భాయ్ అరవై దాటిన మనిషి. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. మేం వెళ్ళేసరికి దుకాణం ముందు పెద్ద గంగాళాలు బోర్లించి, వాటి నీడలో కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. మా నల్లగొండలో బేరానికి వెళ్తే చాయ్ బేరం కుదిరాక వస్తుంది. ఇక్కడ ముందే వచ్చింది.

వ్యాను ఎత్తు బాగానే ఉంది. షామియానా గుంజలు నిలువుగా పట్టడానికి కట్టించిన బాడీ. మా ఆయన నిటారుగా నిలబడి నా వైపు చూసి తల ఊపారు. రెండడుగులు లోపలికి వేశారో లేదో, కాలి కింద రేకు మెత్తగా దిగిపోయింది. తుప్పు తినేసిన సందులోంచి కింద మట్టి కనిపిస్తోంది.

ఖాజా భాయ్ ఆయన చెయ్యి పట్టుకొని దించాడు. "అమ్మేటోన్ని నేనే, అయినా చెప్తున్న అన్నా. నీ మోటార్‌సైకిల్ ఎక్కినంక దీని అడుగు ఆగదు. నువ్వు కొనకు," అన్నాడు.

పైగా తన వ్యానుకు బాడీ కట్టిన మేస్త్రీయే కొల్లాపూర్ దిక్కు గొర్రెలు కాసే బీరయ్యకు ఒక వ్యాను కట్టి ఇచ్చాడని, అది గట్టిదని, బీరయ్య దాన్ని అమ్మజూస్తున్నాడని చెప్పాడు. గొర్రెల వ్యాన్లను రెండంతస్తులుగా కడతారట. మధ్య పలకలు తీసేస్తే ఒంటె కూడా నిలబడుతుందని నవ్వాడు. తనే ఫోన్ చేసి మేం వస్తున్నామని బీరయ్యకు చెప్పాడు. సరుకు అమ్ముకోకుండా మమ్మల్ని ఇంకొకరి ఇంటికి పంపిన ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ మంచిగా అనిపిస్తుంది.

కల్వకుర్తి

డిండి మీదుగా కల్వకుర్తి బస్సు. ఎండకు సీటు కమ్మీలు చెయ్యి పెట్టనివ్వలేదు. ఒక గుంత దగ్గర బస్సు ఎగిరిపడింది. మా ఆయన పళ్ళ బిగువున ఓర్చుకున్నారు గానీ మొహం పాలిపోయింది. పక్క సీట్లోని ముసలమ్మ చూసి, తన మూటలోంచి పాత చీర తీసి మడతపెట్టి ఆయన నడుం వెనక పెట్టింది. "యాడికి పోతుండ్రు?" అని అడిగింది. మా వైపు 'ఏడికి' అంటాం, డిండి దాటితే 'యాడికి' అవుతుంది. వ్యాను కొనడానికి అని చెప్పాను. వ్యాను కొననీకి బస్సుల వస్తుండ్రా అని తనలో తను నవ్వుకుంది. దిగేటప్పుడు చీర తిరిగి ఇవ్వబోతే, ఇంకా దూరం పోవాలె గద, ఉంచుకోమని వెళ్ళిపోయింది.

కల్వకుర్తి బస్టాండులో నా చెప్పు తెగింది. కొత్త చెప్పులు కొనే దాకా ఆయన చెప్పులు నేను వేసుకున్నాను, ఆయన ఉత్తి కాళ్ళతో నీడ నుంచి నీడకు గెంతుతూ నడిచారు. ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో ఉన్నాం. పొద్దున బస్టాండు బయట ఒకావిడ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంటే రెండేసి తిన్నాం. మా ఇంట్లో జొన్నరొట్టె రాత్రి తిండి. ఇక్కడ పొద్దున్నే రొట్టెలో ఉల్లికారం పెట్టి చుట్టి చేతికిస్తున్నారు.

కొల్లాపూర్‌కు ఇవతల

బీరయ్య ఊరు కొల్లాపూర్ చేరకముందే రోడ్డు మీదే వస్తుంది. ఊరి పేరు రాయను. రోడ్డు పక్కనే ఇల్లు, ఇంటి ముందు గొర్రెల దొడ్డి, దొడ్డి పక్కన వేపచెట్టు కింద వ్యాను. ముందు భాగం నీలం రంగు. వెనక బాడీ కింది సగం మందపాటి రేకు, పై సగం ఇనుప ఊచలు, మీద రేకు కప్పు.

బీరయ్యకు యాభై ఉంటాయి. నెమ్మదిగా మాట్లాడతాడు. ఒకప్పుడు పెద్ద మంద ఉండేదట. మేపే బీళ్ళు కొన్ని చెరువుల కిందికి, కొన్ని ప్లాట్ల కిందికి పోయాక, మంద తగ్గించుకుంటూ వచ్చాడు. ఇప్పుడున్న గొర్రెలకు ఇంత బండి అక్కర్లేదు. ఫిట్‌నెస్ కూడా మళ్ళీ చేయించాలి. అందుకే అమ్ముతున్నానన్నాడు.

మధ్య పలకలు అప్పటికే తీసేసి ఉన్నాయి. మా ఆయన లోపలికి ఎక్కారు. నిలబడ్డారు. రెండు చేతులూ పైకి ఎత్తారు. వేళ్ళు కప్పుకు తగల్లేదు. ఆపరేషన్ అయ్యాక ఆయన అంత నిటారుగా నిలబడటం నేను చూడలేదు. బీరయ్య పక్కింటివాళ్ళ మోటార్‌సైకిల్ అడిగి తెచ్చాడు. పలక మీంచి ఒక్క తోపుకు ఎక్కింది. గొర్రెలకు తాళ్ళు కట్టే కొక్కేలకే దాన్ని కట్టేస్తే కదల్లేదు. ఇంకా మంచం పట్టే జాగా, పొయ్యి పెట్టుకునే జాగా మిగిలింది. ఊచల మీద రేకు కొట్టించి, కావాల్సిన చోట కిటికీలు వదులుకుంటే సరిపోతుందని మా ఆయన గాలిలోనే చేతులతో గీసి చూపించారు. నేను సీట్లో కూర్చొని ఊరి చివరి దాకా నడిపి తెచ్చాను. గేరు మొండికేసింది, అయినా నాకు లొంగింది. బీరయ్య చెప్పిన ధర మేం అనుకున్నదానికంటే తక్కువే. బేరం ఆడాలని కూడా అనిపించలేదు.

బీరయ్య భార్య బాలమ్మ మమ్మల్ని తిననిదే కదలనివ్వలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, గొర్రె తలకాయ కూర. తోటవాళ్ళు ఇచ్చారని మామిడిపళ్ళు బకెట్ నీళ్ళలో వేసి తెచ్చింది. కొల్లాపూర్ మామిడి గురించి విన్నాను గానీ అక్కడే చెట్టు నుంచి కోసింది తినడం అదే మొదలు. మోచేతుల దాకా కారింది.

తింటుండగానే ఆ సంగతి బయటపడింది. వాళ్ళ కూతురు శైలజ ఏడో తరగతి పిల్ల. మేం వచ్చినప్పటి నుంచి, నేను నడిపినప్పుడు కూడా, వ్యాను ముందు సీట్లో కూర్చొనే ఉంది, అన్నానికి పిలిస్తే రాలేదు. ఊళ్ళో శైలజలు ఇద్దరున్నారట, ఈ అమ్మాయిని బండి శైలజ అంటారట. ఎందుకని అడిగాను. బాలమ్మ రొట్టె తుంచుతూ చెప్పింది. నొప్పులు వచ్చి నాగర్‌కర్నూల్ దవాఖానకు ఈ వ్యానులోనే పోతుంటే సగం దారిలోనే కాన్పయింది.

"మా అత్త ఎనక గోనెసంచులు పరిచింది అక్కా. ఈయన కిందికి దిగి, వచ్చే లారీలకు చెయ్యి అడ్డం పెట్టి, హారన్ కొట్టకుండ పొమ్మని దండం పెట్టుకుంట నిలబడ్డడు. మా అత్త పోయింది. ఆమె చేతుల్ల పుట్టింది ఈ పొల్ల ఒక్కతే," అంది బాలమ్మ.

ఆ మాట అని వ్యాను వైపే చూస్తూ కూర్చుంది. మా ఆయన అడ్వాన్సుగా బయానా ఇద్దామని జేబులో చెయ్యి పెట్టి, బాలమ్మ వైపు చూసి, వ్యానులో కూర్చున్న పిల్ల వైపు చూసి, చెయ్యి ఖాళీగా బయటికి తీశారు.

"ఇంట్ల మనసు ఒప్పకుండ ఎట్ల తీస్కపోతం బీరన్నా. తొందర లేదు, జర ఆలోచన జేసుకోండ్రి. మేం పాలమూరు పోయి వస్తం," అన్నారు.

బీరయ్య ఆయన మొహంలోకి చూసి, సరే అన్నా అన్నాడు. బాలమ్మ మాత్రం, తీసుకపోతె తీసుకపోండ్రి, పిల్ల రెండు రోజులు ఏడ్చి ఊకుంటది అంది. మర్యాదకు అంటోందని అనుకున్నాం. నా ఫోన్ నంబరు రాసిచ్చి బయల్దేరాం.

సోమశిల

అంత దూరం వచ్చి కృష్ణ చూడకుండా ఎలా పోతామని ఆటో మాట్లాడుకొని సోమశిల వెళ్ళాం. ఎండాకాలం, నీళ్ళు లోపలికి తగ్గిపోయి ఒడ్డంతా పగిలిన ఒండ్రు. చేపలు వేయించి అమ్మే ఒకామె దగ్గర కూర్చున్నాం. ఉప్పు, కారం, పసుపు తప్ప ఏమీ వేయలేదు. మా నాగార్జునసాగర్ దగ్గర దొరికే చేప కంటే ఇది తియ్యగా ఉందని నేను, అదే నది, అదే చేప అని ఆయన.

ఆ సాయంత్రం మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. దాచుకోవడం ఎందుకు. పిల్ల పుట్టిన బండిని కళ్ళముందు నుంచి లాక్కుపోకుండా మంచి పని చేశామని నేనన్నాను. వాళ్ళంతట వాళ్ళు పిలిస్తే అప్పుడు తీసుకుందాం, పిలవకపోతే ఇంకోటి చూసుకుందాం అన్నారు ఆయన. ఫోన్ చేస్తే ఒత్తిడి చేసినట్టు ఉంటుందని, మా అంతట మేం చేయకూడదని కూడా అనుకున్నాం. నది మీద గాలి చల్లగా ఉంది. ఆయన నడుం నొప్పి మాట కూడా ఎత్తలేదు.

మహబూబ్‌నగర్

పాలమూరులో నా చిన్ననాటి స్నేహితురాలు ఉంది. వాళ్ళింట్లో దిగాం. రాత్రి సర్వపిండి, పొద్దున మళ్ళీ సర్వపిండి. వాళ్ళాయన పాత వ్యాన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కనుక్కొని ఎండలో మమ్మల్ని తిప్పాడు. ఒకటి ఇంజిను బాగుంది, బాడీ లేదు. ఒకటి పొడవు బాగుంది, కానీ అమ్మే అన్నదమ్ములిద్దరూ మా ఎదుటే పోట్లాడుకున్నారు. మంచినీళ్ళ క్యాన్లు వేసే వ్యాను ఒకటి మిగిలింది. అంత పాతదేమీ కాదు, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, నడపడానికి తేలిక. ఎత్తు మాత్రం తక్కువ. మా ఆయన అందులోకి ఎక్కి, వంగి, వెంటనే కూర్చుండిపోయారు.

బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, గొర్రెల వ్యాన్లో మంచం ఎటువైపు వేయాలో ఆయన నాకు టేబుల్ మీద చెంచాలతో చూపిస్తున్నారు. నేనే అన్నాను, ఇంక వాళ్ళు పిలిచేదాకా ఆగలేం, వెళ్ళి అడుగుదామని. ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచారు.

మళ్ళీ బీరయ్య ఇంటికి

వేపచెట్టు కింద వ్యాను లేదు. నేల మీద నాలుగు చక్రాల గుర్తులు, నూనె మరక ఉన్నాయి. బీరయ్య మమ్మల్ని చూసి దొడ్డిలోంచి బయటికి వచ్చాడు. అతని మొహంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. జడ్చర్ల స్క్రాప్ దుకాణం వాళ్ళు ఊళ్ళోకి వచ్చి పాత బండ్లు అడిగారట. ఇంజిను, ఇనుము లెక్క కట్టి ధర చెప్పారట. మాకు చెప్పినదానికంటే తక్కువకే ఇచ్చేశాడు.

మేం వస్తామన్నాం కదా అని మా ఆయన అడిగారు. గొంతులో కోపం లేదు.

"బయానా ఇయ్యకుండ, ఆలోచన జేసుకోండ్రి అని పోయిండ్రు గద అన్నా. బేరం ఇష్టం లేనోళ్లు మా దిక్కు గట్లనే అంటరు. మొఖం మీద వద్దనలేక అన్నరని అనుకున్నం," అన్నాడు బీరయ్య.

సంతలో కూడా అంతేనట. గొర్రె నచ్చనివాడు గొర్రెను ఏమీ అనడు. మంచిగనే ఉంది, తిరిగొస్తా అని పోతాడు. ఎవడూ తిరిగి రాడు. నంబరు ఉంది కదా, ఒక్క ఫోన్ చేయాల్సింది అన్నాను నేను. వద్దనుకున్నవాళ్ళను మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని చేయలేదట. మేం వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని ఫోన్ చేయలేదు. వాళ్ళు మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని చేయలేదు.

బాలమ్మ గడప మీద కూర్చొని ఉంది. చాయ్ పెడతానని లేవలేదు. "మీరు కొంటరంటే నాకు ధైర్నముండె అక్కా. మంచం ఏసుకుంటం, పొయ్యి పెట్టుకుంటం అన్నరు. ఎన్నడన్న గీ దారిన వస్తే మా పొల్ల చూసుకునేది," అంది. మళ్ళీ తనే, స్క్రాపోళ్ళు దాన్ని నడుపుకుంటనే తీసుకపోయిండ్రు, మంచి బండి గద, కొయ్యకుండ ఎవరికన్నా అమ్ముతరేమో అంది. కనిపిస్తే ఫోన్ చేసి ఒక్క మాట చెప్పమని నంబరిచ్చింది.

శైలజ ఊళ్ళోకి ఆడుకోవడానికి పోయి ఇంకా రాలేదు. ఆ పిల్ల వచ్చేలోపే మేం బయల్దేరాం.

జడ్చర్ల

జడ్చర్లలో పెద్ద రోడ్డుకు లోపలగా రేకుల ప్రహరీ వేసి ఉంది ఆ స్క్రాప్ దుకాణం. యజమాని మెత్తటి మనిషి. నీలం రంగు గొర్రెల వ్యాను అనగానే, ఉంది రండి అని తీసుకెళ్ళాడు. ఉంది అన్న మాటకు మా ఆయన నాకంటే ముందు నడిచారు.

ఇంజిను విప్పేసి పక్కన పెట్టారు. దాన్ని అప్పటికే ఒకరు మాట్లాడుకున్నారట. ముందు భాగాన్ని గ్యాస్ కట్టరుతో కోసి వేరు చేశారు. ఆ పిల్ల కూర్చున్న సీటు స్పాంజి బయటికి వచ్చి ఎండలో పడి ఉంది. వెనక బాడీ ఒక్కటే దిమ్మెల మీద నిలబడి ఉంది. ఊచలకు గొర్రెల ఉన్ని ఇంకా చిక్కుకొని ఉంది.

బాడీ కావాలంటే ఇస్తానని, చేన్ల కాడ కావలి గదులుగా వేసుకోవడానికి కొంతమంది తీసుకెళ్తారని యజమాని చెప్పాడు. మా ఆయన ఒక రాయి మీద కాలు పెట్టి అందులోకి ఎక్కారు. కాసేపు అలాగే నిలబడ్డారు. నేను రమ్మని పిలవలేదు. తర్వాత తనే మెల్లగా దిగి, వద్దులెండి అన్నారు.

రోడ్డు మీదికి వచ్చాక బాలమ్మకు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పడానికే చేశారని అనుకున్నాను. అటు నుంచి ఆ పిల్ల ఫోన్ తీసింది. అమ్మ దొడ్లో ఉందని చెప్పి, బండి దొరికిందా పెద్దనాయినా అని అడిగింది. నాకు కూడా వినిపించింది.

"దొరికింది గని, మేం పోయేసరికే ఎవరో కొనుక్కొని పోయిండ్రు బిడ్డా. కర్నూలోళ్లట," అన్నారు ఆయన.

"గొర్లను ఎక్కిస్తున్నరా?"

"లేదు. ఉల్లిగడ్డలు."

పిల్ల అమ్మను పిలుచుకుంటూ పరుగెత్తడం వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశారు. చిన్నా పెద్దా అబద్ధాలు ఆయన ఆడగా చాలా విన్నాను. ఆపరేషన్ తర్వాత నొప్పి లేదని రోజుకోసారి ఆడతారు. దీన్ని మాత్రం ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు.

పాలమూరుకు వెనక్కి వెళ్ళి ఆ మంచినీళ్ళ క్యాన్ల వ్యానును కొన్నాం. ఇంటి దాకా నేనే నడిపాను. కల్వకుర్తి, డిండి, దేవరకొండ. ఖాజా భాయ్ దుకాణం ముందు ఆపాం. అతను వ్యానును చుట్టూ తిరిగి చూసి, బాగుంది అన్నాడు. గొర్రెల వ్యాను ఏమైందని అడిగితే, కుదరలేదని చెప్పాం.

ఇంటికి వచ్చాక

వ్యానును ఇల్లు చేసుకోవడం ఎలాగో చెప్పమని ఇప్పుడు చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. ఒక్కటే చెబుతాను. ముందు లోపల నిలబడి చూడండి. పొడవు తక్కువైతే మంచం మడుచుకోవచ్చు, వెడల్పు తక్కువైతే పొయ్యి బయట పెట్టుకోవచ్చు. ఎత్తు తక్కువైతే చేసేదేమీ లేదు. కప్పు కోసి ఎత్తు పెంచమని అడిగితే, మేస్త్రీ చెప్పిన ఖర్చుకు ఇంకో పాత వ్యాను వస్తుంది. మా బండి అద్దాలు విప్పితే గానీ లోపలికి పోదు. మా ఆయన కూర్చొని, జరిగి, పక్కకు ఒరిగి మంచం మీదికి చేరుతారు. పొద్దున అంగీ బయట రోడ్డు మీదే తొడుక్కుంటారు.

అయినా వెళ్ళాం. వానలు పడ్డాక సోమశిల వెళ్ళాం. నది ఒడ్డు దాకా నీళ్ళు వచ్చాయి. బండి దించి, అద్దాలు బిగించి, నన్ను వెనక కూర్చోబెట్టుకొని ఒడ్డు వెంట ఉన్న దారిలో అరగంట తిప్పారు. ఆ అరగంట కోసమే ఇదంతా చేశాం, అది బాగానే ఉంది. మాకు దగ్గరి దారి నాగర్‌కర్నూల్ మీదుగా, బీరయ్య ఇంటి ముందు నుంచి వెళ్తుంది. మేం పెబ్బేరు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాం. మలుపు రాగానే స్టీరింగ్ తిప్పాను.

శైలజ అప్పుడప్పుడు ఫోన్ చేసేది. పరీక్షల సంగతి చెప్పేది, వానల సంగతి చెప్పేది, చివరికి ఉల్లిగడ్డల బండి గురించి అడిగేది. మొదట్లో ఆయన తడబడేవారు. తర్వాత అలవాటైంది. కర్నూలోళ్ళు దానికి ఆకుపచ్చ రంగు వేశారన్నారు. కొత్త టైర్లు వేశారన్నారు. ఒకసారి అది ఆదోని దాకా పోయి వచ్చిందని చెప్పారు. పిల్ల అన్నీ వినేది.

దసరా సెలవుల్లో మళ్ళీ ఫోన్ వచ్చింది. వాళ్ళ మేనమామ పెళ్ళి బట్టలకు అందరూ కర్నూలు పోతున్నారట. బండి ఏ బజార్లో ఉంటుందో చెబితే చూసొస్తామంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి వరండాలోకి వెళ్ళారు.

నేను చెప్పేశాను. కర్నూలు లేదు, ఉల్లిగడ్డలు లేవు, మేం జడ్చర్ల పోయేసరికే కోసేశారని చెప్పాను. పెద్దనాయిన నిన్ను బాధపెట్టలేక అలా అన్నారని చెప్పాను.

ఫోన్ కట్ అయిందేమోనని చూశాను. కాలేదు.

"అమ్మకు చెప్పకుండ్రి పెద్దమ్మా. బజార్ల దొరకలేదని నేనే చెప్త," అంది.

వరండాలోకి వెళ్ళి ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన బండి పక్కన నిలబడి ఉన్నారు. ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేస్తదంటవా అని అడిగారు. తెలియదన్నాను. ఇప్పటిదాకా రాలేదు.